ఆపడం నేర్చుకున్న చేయి

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. కాని అప్పట్లో నాకు అక్షరాలు రావు. మా అవ్వా బాపూ చెరకు నరికే గుంపులో పనిచేసేవాళ్లు. తోట ఎక్కడుంటే మా గుడిసె అక్కడే. ఫ్యాక్టరీకి చెరకు పోయే కాలమంతా వాళ్ల వెనక గడలు ఏరుతూ తిరిగాను గాని, బడి లోపల ఎలా ఉంటుందో చూడలేదు. పెళ్లయ్యాక కోటగిరి దగ్గరి ఊళ్లో మళ్లీ అదే పని. నడివయసులో, ఊళ్లో రాత్రిబడి పెట్టారంటే సంబరంగా వెళ్లాను. అప్పటికి నా కుడిచేతి వేళ్లు లోపలికి వంగిపోయి ఉన్నాయి. బలపం వాటి మధ్య నిలవక జారిపోయేది. పట్టుకున్నానో లేదో వేళ్లకు తెలిసేది కాదు. రెండు మూడు రోజులు వెళ్లి మానేశాను.

అది కుష్ఠు అని తర్వాత తెలిసింది. మందులు వాడాను, రోగం పోయింది. వేళ్లు మాత్రం అప్పటికి వంగినవి వంగినట్టే ఉండిపోయాయి.

ఇప్పుడు బోధన్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. మధ్యాహ్నం పనులయ్యాక కోడలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పింది. ఈసారి బలపం జారిపోలేదు. గుణింతాలు వచ్చాయి, ఒత్తులు వచ్చాయి. ఇక మీ గురించి రాయండి అత్తమ్మా అంది. నా గురించి రాయాలన్నా, దవాఖానలో నా పక్క మంచం మీద ఉన్న అక్క దగ్గరే మొదలుపెట్టాలి.

ఆ దవాఖానలో వంగిన వేళ్లకు ఆపరేషన్ చేస్తారు. మంచిగా పనిచేసే ఒక కండ నుంచి తాడులాంటి నరాన్ని తీసి, పనిచేయని వేళ్లకు కలుపుతారు. కట్టు విప్పాక ఆ నరానికి కొత్త పని నేర్పాలి. ఆపరేషన్ ఒక్క పూటలో అయిపోతుంది. నేర్పడానికి వారాలు పడతాయి. నన్ను చేర్చుకున్నది ఆపరేషన్‌కు ముందు కీళ్లు మెత్తబడేలా చేయడానికే. రోజూ చేతులు నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, వేళ్లు సాగదీసుకోవాలి. అవన్నీ చేసేదాన్ని గాని, ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. కోస్తే ఉన్న చేయి కూడా పోతుందని మా ఊళ్లో భయపెట్టారు. నర్సమ్మ అడిగినప్పుడల్లా "సూద్దాం" అనేదాన్ని.

పక్క మంచం అక్కకు అప్పటికే ఆపరేషన్ అయింది. కుడిచేతికి పెద్ద కట్టు. నేను సంచి మంచం కింద పెడుతుంటేనే పలకరించింది.

"ఏ ఊరు చెల్లె?"

"కోటగిరి దిక్కు అక్క."

"చెరుకు నరుకుతవా?"

"నీకెట్ల తెలుసు?"

"ఆ గీతలు సూడు నీ చేతుల మీద. ఆకు కోసింది. నాది రొట్టె పని. నాకు కాలిన మచ్చలు. ఇద్దరం ఒక్క బడిల సదివినట్టే ఉన్నం."

ఆమెది నవీపేట్ దగ్గరి ఊరు. పెళ్లి తర్వాత నిజామాబాద్‌లో స్థిరపడింది. సాయంత్రాలు రోడ్డు మూలన పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కొట్టి అమ్మేది. ఆటోవాళ్లు, డిచ్‌పల్లి యూనివర్సిటీలో చదివే పిల్లలు, షుగరు ఉందని అన్నం మానేసిన పెద్దమనుషులు, అందరూ ఆమె గిరాకీలే. వేళ్లు వంగడం మొదలైనప్పుడు చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. రొట్టె చెప్పేసింది.

"రొట్టె కొడితే నడుమ గుంతలు పడేటియి. వేళ్లు సాపు ఉంటలేవు గదా. ఒగ ఆటో ఆయన అడిగిండు, ఏందవ్వా రొట్టె మీద కోడి నడిసిందా అని. నేను గూడ నవ్విన. ఇంటికి పోయి ఏడ్సిన."

ఇప్పుడు ఆ మూలన ఆమె ఆడబిడ్డ పొయ్యి పెడుతోంది. ఆడబిడ్డకు రొట్టె అంత బాగా రాదు. రోడ్డు పక్క చోటు కాగితం మీద రాసి ఇచ్చేది కాదు. పొయ్యి వెలిగినంత కాలమే మనది. అక్క తొందరగా వెళ్లకపోతే గిరాకీ చెదిరిపోతుంది, గిరాకీ పోతే చోటూ పోతుంది. ఆమె భయమంతా అదే. కట్టు ఎప్పుడు విప్పుతారని వచ్చిన ప్రతి నర్సునూ అడిగేది.

కట్టు విప్పిన రోజు ఎక్సర్‌సైజు సారు వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆయనది బోధన్ దగ్గరి ఒక క్యాంపు, అంటే కోస్తావాళ్లు కట్టుకున్న ఊరు. వాళ్ల తాతలు కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చారట. ఇక్కడే పుట్టాడు గాని మాట ఇంకా ఆ దేశపు మాటే. ఆయన "అండి" అన్నప్పుడల్లా మా వార్డులో ఎవరో ఒకరు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు.

"ఈ చెయ్యి మీకు ఎందుకు కావాలమ్మా?" అని అడిగాడు. అందరినీ అలాగే అడిగేవాడు.

"రొట్టె కొట్టాలె సారు."

"సరేనండి. అయితే మనం చేసేదంతా రొట్టె కోసమే. ఈ నరం కొత్త ఎద్దు లాంటిది. దానికి కాడి అలవాటు చేయాలి. మొదటి రోజే పొలమంతా దున్నించేస్తామా?"

"ఎద్దు కిరాయిదైతే దున్నిస్తరు సారు" అంది అక్క.

సారు కూడా నవ్వాడు. తర్వాత ఆమె చేయి పట్టుకుని వేళ్ల మొదళ్లు వంచి, వేళ్లు నిటారుగా ఉంచడం చూపించాడు. చూసేవాళ్లకు అది పనిలాగే కనబడదు. అక్క నుదుటి మీద మాత్రం చెమట పట్టింది. చేయి ఎటు కదలాలో మనసుకు తెలుసు, నరానికి తెలియదు. చివరికి వేళ్లు కొంచెం, గాలికి ఆకు కదిలినంత, నిటారుగా అయ్యాయి. సారు పది సార్లు చేయించి ఆపేశాడు. పొద్దున పది, మధ్యాహ్నం పది, సాయంత్రం పది. మిగతా వేళల్లో ప్లాస్టిక్ బద్ద కట్టుకుని చేయి ఊరికే ఉంచాలి. అంతే.

"గింతేనా?" అంది అక్క, ఆయన వెళ్లాక. "నేను ఒక్క పూటకు ఎన్ని రొట్టెలు కొడుతుంటి చెల్లె. పది సార్లు వేళ్లు ఆడిచ్చుడు పనేనా అది?"

ఆ మాట నాకు బాగా అర్థమైంది. మా చెరకు పని కూడా గుత్త పనే. ఎంత నరికితే అంత కూలి. ఒకరోజు ఒంట్లో బాగుంటే రెండు రోజుల పని చేసి పడేస్తాం. ఒంటిని అడిగి పని చేయడం మాకు అలవాటు లేదు. ఆమెకు రొట్టెలూ అంతే. ఎన్ని కొడితే అన్ని పైసలు. ఎక్కువ చేస్తే తొందరగా అయిపోతుందనేది మా రక్తంలో ఉంది.

ఆ లెక్కే ఆమె చేతికీ వేసింది. తెల్లవారుజామున మేమంతా లేవకముందే స్నానాల గది దగ్గరి అరుగు మీద కూర్చుని, వేళ్లు వంచడం చాపడం చేసేది. పది కాదు, చేయగలిగినన్ని. అది నాకు తర్వాత తెలిసింది. మామూలు మనిషికైతే చేయి నొప్పి పెట్టి ఆపమంటుంది. మా చేతులు అలా చెప్పవు. చాయ్ గ్లాసు కాలుతున్నా మాకు తెలిసేది కంటితోనే.

ఒకరోజు పొద్దున ఆమెకు బద్ద కట్టుకోవడంలో సాయం చేస్తున్నాను. రోజూ పట్టీ ఒక గీత దగ్గరికి వచ్చి అతుక్కునేది. ఆ రోజు ఎంత లాగినా ఆ గీతకు అందలేదు.

"అక్కా, సేయి ఉబ్బింది."

"ఉబ్బలే. పట్టీ పాతదైంది."

"రెండు చేతులు పక్కపక్కన వెట్టి సూడు."

పెట్టింది. చాలాసేపు చూసింది. లేచి, తనే నడుచుకుంటూ సారు గదికి పోయింది. నేను వెనకాలే వెళ్లాను.

సారు చేయి అటూ ఇటూ తిప్పి చూశాడు. కోప్పడలేదు. "పొద్దున ఎన్నిసార్లు చేస్తున్నారమ్మా?" అన్నాడు.

"లెక్కవెట్టలే సారు."

"కుట్టిన చోటు సాగిందేమో చూడాలి. కొన్ని రోజులు ఏమీ చేయకండి. బద్ద విప్పకండి. వాపు తగ్గాక మళ్లీ మొదటి నుంచి."

"మొదటి నుంచా?"

"మొదటి నుంచే. నొప్పి తెలిసినవాళ్లకు ఆపమని చెయ్యే చెప్తుందండి. మీ చెయ్యి చెప్పదు. అందుకని మీకు లెక్క చెప్పాలి. పది అంటే పది. తొమ్మిది చేసినా తప్పే, పదకొండు చేసినా తప్పే."

ఆ రోజే సాయంత్రం ఆడబిడ్డ ఫోను చేసింది. ఫోను స్పీకరులో ఉంది కనుక నాకూ వినబడింది.

"వదినె, మన మూలకు మిర్చిబజ్జీ బండోడు వచ్చి నిలవడ్డడు. నీ వదినె వస్తదా, రాదా, రాకుంటె నేను పెట్టుకుంట అంటున్నడు. ఏం జెప్పాలె?"

"వస్త అని జెప్పు."

"ఎప్పుడని జెప్పాలె?"

అక్క చేతికి కట్టిన బద్దను చూస్తూ ఉంది. "రొట్టె కొట్టొస్తె వస్త" అని ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత ఆమెలో నేను చూసినదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. కష్టపడేవాళ్లను చాలామందిని చూశాను. చెరకు తోటల్లో పుట్టినదాన్ని, కష్టం నాకు కొత్త కాదు. చేయాలని ప్రాణం కొట్టుకుంటున్నా ఆపుకుని కూర్చున్న మనిషిని మాత్రం అక్కడే చూశాను.

వాపు తగ్గాక మళ్లీ మొదలుపెట్టారు. ఆమె పైకి లెక్కపెట్టేది, మరాఠీలో. చిన్నప్పుడు వాళ్ల అవ్వతో సరిహద్దు అవతలి సంతకు కూరగాయలు మోసుకుపోయి, అమ్మకం అక్కడే నేర్చిందట. లెక్క అంటే ఆమె నోటికి ఆ భాషే వస్తుంది. "ఏక్, దోన్, తీన్" అని మొదలుపెట్టి "దహా" అనగానే ఆపేది. వేళ్లు సగంలో ఉన్నా సరే. ఆపి, ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒడిలో పెట్టుకునేది, పసిపిల్లను పడుకోబెట్టినట్టు. కొన్నాళ్లకు వార్డులో మేమంతా ఆమెతో పాటు గొంతు కలిపాం. కిటికీ పక్క మంచం ముసలవ్వకు చెవులు వినబడవు, ఆమె కూడా మా పెదాలు చూసి "దహా" అని అరిచేది.

"నీకు మరాఠీ వచ్చా అవ్వా?" అని అడిగితే, "నాకు తెలుగే ఇనవడదు" అనేది.

ప్రతి సాయంత్రం ఇంకొక పని ఉండేది. చేతులు నీళ్లలో నానబెట్టి నూనె రాసుకున్నాక, నేనూ అక్కా ఒకరి అరచేతులు ఒకరం వెలుతురులో చూసుకునేవాళ్లం, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. ఎర్రమచ్చ ఉందా, పొక్కు ఉందా, చర్మం పగిలిందా. నాకు కొన్ని రోజులకే విసుగొచ్చింది. ఒకరోజు "ఈ రోజు వద్దక్క, నిన్న సూసినంగా" అన్నాను.

"నిన్న రొట్టె తిన్నవని ఇయ్యాల తినవా?" అంది. చేయి చాపక తప్పలేదు.

వేళ్లకు బలం వచ్చాక దూదిని నొక్కడం, తర్వాత మెత్తటి మట్టిని పిసకడం మొదలైంది. అప్పుడే ఆడబిడ్డ ఇంకో ఫోను చేసింది. బజ్జీ బండివాడు ఇప్పుడు రోజూ వస్తున్నాడట. సగం గిరాకీ వాడి దగ్గరికే పోతోందట. అక్క ఫోను పెట్టేసి మట్టి ముద్దను ఒడిలోకి తీసుకుంది. ఆ పూట లెక్క అప్పటికే అయిపోయింది. నేను చూస్తూ ఉన్నాను. ఎడమచేతి వేళ్లు మట్టిలో దిగబడ్డాయి. కుడిచేయి ఒడిలోనే ఉంది. కొంచెంసేపటికి ముద్దను నా వైపు తోసింది.

"ఇది నీ దగ్గర వెట్టుకో చెల్లె. నాకు రేపు పొద్దున ఇయ్యి. నేనడిగినా ఇయ్యకు."

"అడుగుతవా ఏంది?"

"అడుగుత."

అడిగింది కూడా, దీపాలు పెట్టే వేళకు. నేను ఇవ్వలేదు. నన్ను తిట్టింది, తర్వాత నవ్వింది.

ఆమెను చూసే నేను మొదటిసారి ఆలోచించాను. రోజూ కొంచెం చేయడం బలహీనుల పని అనుకునేదాన్ని. కాదు. ఒక్కసారిగా చేసెయ్యడానికి కోపం చాలు, భయం చాలు. రోజూ అంతే చేసి అక్కడ ఆపడానికి, రేపు కూడా ఉందని నమ్మాలి. చోటు పోతుందన్న భయం ఉన్నప్పుడు కూడా ఆమె అలా నమ్మింది. నాకైతే అంత నమ్మకం ఏ పని మీదా ఉండలేదు.

చివరికి సారు ఒకరోజు జొన్నపిండి తెమ్మన్నాడు. ఆడబిడ్డే తెచ్చింది, దగ్గరుండి పట్టించిన పిండి, పెనం కూడా వెంటపెట్టుకుని. సన్నటి మనిషి, నోరు మాత్రం పెద్దది. వస్తూనే "ఏం వదినె, గిన్ని రోజులు పండుకుని తెల్లగైనవ్" అంది. తర్వాత వదిన చేయి అందుకుని ఒక్కొక్క వేలూ పట్టుకుని చూసింది.

వంటగది వెనక వసారాలో పొయ్యి పెట్టారు. వార్డులో నడవగలిగిన వాళ్లమంతా అక్కడే ఉన్నాం. జొన్నపిండికి మరిగే నీళ్లు పోయాలి. ఆ పని సారు ఆమెను చేయనివ్వలేదు. ఆడబిడ్డ నీళ్లు పోసి గరిటెతో కలిపింది. పిండి చల్లారిందో లేదో అక్క మోచేయి ఆనించి చూసుకుంది, అక్కడైతే ఆమెకు స్పర్శ ఉంది. అప్పుడు పిసకడం మొదలుపెట్టింది.

"మూడు రొట్టెలు. అంతకంటే వద్దండి" అన్నాడు సారు.

మొదటి రొట్టె అంచులు పగిలాయి. ఒక పక్క మందం, ఒక పక్క పలుచన.  అక్క దాన్ని ఎత్తి పెనం మీద వేయబోతే సారు గొంతు సవరించుకున్నాడు. ఆమె చేయి వెనక్కి తీసుకుని అట్లకాడ అందుకుంది.

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న అట్లకాడతోని రొట్టె ఏసిన్నా? మా అవ్వ సూస్తే నవ్వుతుండె."

"కాలిన చేతితోని ఏస్తే గూడ నవ్వుతుండెనా?" అంది ఆడబిడ్డ.

రెండో రొట్టెకు చప్పుడు మారింది. నాకు అది బాగా గుర్తు. మొదటిదానికి మట్టి కొడుతున్నట్టు ఉన్న చప్పుడు, రెండోదానికి సాపు అరచేయి పడుతున్న చప్పుడు అయింది. పిండి ఆమె చేతి కింద తిరుగుతూ తిరుగుతూ పెద్దదైంది. మూడోది పెనం మీద వేసి, కర్రకు కట్టిన తడిగుడ్డతో పైన నీళ్లు రాసి తిరగేస్తే, నడుమ నుంచి పొంగింది. దాని మీద ఒక్క గుంత లేదు. ఆడబిడ్డ దాన్ని పళ్లెంలోకి తీసుకుని నలువైపులా తిప్పి చూసింది.

"కోడి నడవలే" అంది.

అందరూ నవ్వారు. పిసికిన పిండి ఇంకా చాలా మిగిలి ఉంది. వాసనకు వార్డు మొత్తం అక్కడికే వచ్చింది. "నాకొకటి కొట్టక్కా" అని ఒకరు, "చేయి పడ్డది గదా, ఇంకో రెండు కొట్టు" అని ఇంకొకరు. చెవులు వినబడని అవ్వ కూడా చేయి చాపింది. సారు చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని చూస్తున్నాడు.

అక్క పిండి వైపు చూసింది. ఎన్ని నెలలుగా ఆ చేయి ఆ పని కోసం ఎదురుచూసిందో నాకు తెలుసు. ఆ క్షణంలో ఆమె ఆపకపోయినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఆమె లేచి, బకెట్ దగ్గర చేతులు కడుక్కుని, కొంగుతో అద్దుకుని, బద్ద కట్టమని చేయి నా ముందు చాపింది.

"మిగిలింది నువ్వు కొట్టు" అంది ఆడబిడ్డతో.

"నేను కొడితే ఎవలు తింటరు వదినె?"

"తింటరు. ఇంక రోజూ గట్లనే. నేను కొన్ని కొడుత, నువ్వు కొన్ని కొట్టు. ఒక్క పొయ్యి, ఇద్దరం. బజ్జీ బండోనికి జెప్పు, సోమారం నుంచి మేమిద్దరం ఉంటమని."

 ఆడబిడ్డ పీట లాక్కుని కూర్చుంది. "మరి నాకు గూడ మంచిగ నేర్పియ్యాలె. ఊకె తిడితే నేర్వ."

ఆమె కొట్టిన రొట్టెలు నిజంగానే బాగాలేవు. తిన్నాం.

అక్క కొట్టిన మూడోది ముక్కలు చేసి అందరికీ పంచింది. నా వంతుకు అరచేయంత ముక్క వచ్చింది. కొంచెం తిని మిగిలింది కాగితంలో చుట్టి పెట్టుకున్నాను. ఎందుకో ఆ పూటే అయిపోవడం ఇష్టం లేకపోయింది.

మర్నాడు పొద్దున ఆ ముక్కను చాయ్‌లో నానబెట్టుకుని తిన్నాను. తర్వాత నర్సమ్మ దగ్గరికి వెళ్లి, ఆపరేషన్‌కు నా పేరు రాయమన్నాను.